తలుపు బొమ్మ

సాల్మియా, కువైట్, 17-7-84

దావూదన్నా, సలాం. నేను బాగున్నాను, దిగులు పడొద్దు.

శనివారం మా క్లినిక్కుకు మిష్రిఫ్ నుంచి ఐదేళ్ళ అరబ్బు పిల్లవాడిని తెచ్చారు. పుట్టినప్పటి నుంచి మాట లేదు. మాటలు పలికించడానికి నేను తలుపు బొమ్మ ఉన్న కార్డు చూపగానే తెలుగులో, "మామా, తలుపు తీ మామా, ఊపిరాడ్డంల్యా" అన్నాడు. మన వీధి మస్తాన్ బీ పనిచేసింది ఆ ఇంట్లోనే. ఇక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని 'మామా' అనే పిలుస్తారు. రంజాన్‌కు ఊరికి పంపేశామని పిల్లవాడి తల్లి చెప్పింది.

నేను అర్థం చెప్పినా మా మేడమ్ ఫైల్లో "అర్థం లేని శబ్దాలు" అని రాసింది. "లైసెన్సు లేని అసిస్టెంటు చెప్పింది నేను రాయకూడదు గౌసియా. నువ్వూ రాయకూడదు. అది రూలు" అంది. ఫైల్లో లేని మాటను ఇక్కడ ఎవరూ వినరు.

మస్తాన్ బీ ఇల్లు చేరిందా? వాళ్ళమ్మను అడిగి వెంటనే రాయి. చేరకపోతే నా ట్రైనింగు సర్టిఫికెట్టు రిజిస్టరు పోస్టులో పంపు. లైసెన్సు తెచ్చుకుని ఆ మాటలు నేనే రాసి సంతకం పెడతాను. అమ్మ కంటి ఆపరేషను అయిందా?

ఇవాళ పిల్లవాడు మళ్ళీ వచ్చాడు. తలుపు బొమ్మను మూడుసార్లు తట్టి, చెవి ఆనించి విన్నాడు.

వదినకు సలాం, పిల్లలకు దువా.

నీ చెల్లెలు,
గౌసియా బీ