కేకు ఎందుకు ఒరుగుతోంది

మార్చి 28, గురువారం

మళ్ళీ ఒరిగింది. ఇంట్లో పెట్టెలో పెట్టేటప్పుడు నిటారుగా ఉంది, దేవుడి మీద ఒట్టు. పెళ్లి హాల్లో మూత తీస్తే మూడో అంతస్తు ఎడమకి జారి, పైనున్న గులాబీ పువ్వు పెట్టె గోడకి అంటుకుని ఉంది. పెళ్లికూతురి తల్లి చూసి మొహం తిప్పుకుంది. తిట్టినా బాగుండేది. ఒరిగిన వైపు గోడకి తిప్పి, ఇంత క్రీమ్ పూసి, ఏదో సర్దాను.

ఇంటికొచ్చాక మా ఆయన రిఫాత్ కారు తాళం వేస్తూ, ఈ మధ్య నీ క్రీమ్ పల్చబడింది దౌలత్, మునుపటి పస లేదు అన్నాడు. ముప్పై ఏళ్లుగా అలెగ్జాండ్రియాలో సగం పెళ్లిళ్లకి కేకులు చేసిన మనిషితో అనే మాటేనా ఇది? ఆయనకి భోజనం పెట్టలేదు. తనే వడ్డించుకున్నాడు, నాకూ వడ్డించాడు. దాంతో ఇంకా ఒళ్లు మండింది.

మార్చి 30, శనివారం

వెన్న పెంచాను. ఫ్రిజ్ మీట చివరికంటా తిప్పాను. పెట్టె అడుగున రబ్బరు షీటు వేశాను. పోయిన రంజాన్ అయినప్పటి నుంచీ ఇదే గోల. ఒకసారి నిలబడుతుంది, ఇంకోసారి ఒరుగుతుంది.

కారులో ఏదైనా తేడా ఉందేమో చూడమన్నాను. అంతే, మనిషి మొహం ముడుచుకుపోయింది. పోర్టులో ఉద్యోగం చేసిన రోజుల్లో కొన్న నీలం కారు అది. రోజూ తుడుస్తాడు. పెళ్లికూతురు అని పిలుస్తాడు. నన్ను పెళ్లి రోజున కూడా అలా పిలవలేదు. తాళం తిప్పగానే స్టార్టవుతుంది, దానికేం రోగం అన్నాడు.

మార్చి 31, ఉదయం 6

గ్లాసు నిండా టీ పోసి, చెయ్యి చాచి పట్టుకున్నాను. ఒలకలేదు. మా అమ్మకి ఈ వయసుకే చేతులు వణకడం మొదలైంది. చివరికి టీ కూడా మేమే తాగించేవాళ్లం. తేడా క్రీమ్‌లో కాదు, నా చేతుల్లోనేమో. భయంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఈ చేతులు పోతే నాకింకేం ఉంది?

ఏప్రిల్ 4, గురువారం

పై అంతస్తు సఫినాజ్ దిగొచ్చి, దిష్టి వదినా, ఇంకేం కాదు అని తేల్చేసింది. పటిక కాల్చింది. కాలిన పటిక ఎవరి ఆకారంలో ఉబ్బితే వాళ్ల కన్నే తగిలినట్టు. ముగ్గురం తలలు ఆనించి చూశాం. సఫినాజ్‌కి ట్రామ్ స్టేషన్ పక్కనున్న బేకరీవాడి బొజ్జ కనిపించింది. మా ఆయనకి మా చెల్లెలు కనిపించింది. నాకైతే ఒంటె. కారు అద్దానికి దిష్టి తగలకుండా ఇంకో నీలంపూస వేలాడదీశాం.

సాయంత్రం కేకు ఒరిగింది.

ఏప్రిల్ 5

ఒంటె కాదేమో. మా ఆడపడుచేమో.

ఏప్రిల్ 11, గురువారం

ఈసారి ముందు సీట్లో కూర్చోలేదు. వెనక కూర్చుని కేకు పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. ట్రామ్ పట్టాలు దాటుతుంటే కింద ఎక్కడో ధడ్‌మని చప్పుడైంది. అంతకుముందు మా పేటంతా, బళ్లు నెమ్మదించాలని ఏ వీధివాళ్లు ఆ వీధిలో సిమెంటు పోసి కట్టుకున్న మిట్టలు. ఒక్కో మిట్ట దిగాక కారు పైకి, కిందికి, మళ్ళీ పైకి. ఆ ఊగుడు ఆగేలోపే ఇంకో మిట్ట. బ్రేక్ వేస్తే ముక్కు నేలకి రాసుకుంటుందేమో అన్నంతగా ముందుకి వాలింది.

కారు ఊగుతోంది అన్నాను. మెత్తటి కారు ఊగదా మరి, పరాయివాళ్లయితే ఎంత హాయిగా ఉందో అంటారు అన్నాడు. నీకు మరీ పడవెక్కినట్టుంటే సముద్రం పక్కనే ఉంది, దిగి ఈదుకుంటూ రా అని కూడా అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వినందుకు నామీద నాకే కోపమొచ్చింది.

ఇన్నేళ్లుగా నడుపుతున్న మనిషికి తెలియకుండా ఉంటుందా? నేనే నా చేతుల తప్పుని కారు మీదకి నెడుతున్నానేమో.

ఏప్రిల్ 14

కొత్త ఆర్డర్లు వద్దన్నాను. మిగిలింది ఒక్కటే, ఇరవై ఐదున మా ఆడపడుచు అవాతిఫ్ కూతురు నిహాల్ పెళ్లి. నాలుగంతస్తులు కావాలంది. నా ఒళ్లో పెరిగిన పిల్ల, ఎలా కాదంటాను? అదే ఆఖరిది, ఆ తర్వాత మానేస్తాను అని మా ఆయనకి చెప్పాను.

ఆయన కిందికెళ్లి కారు కడిగాడు. కడిగిన కారునే మళ్ళీ కడిగాడు. పైకొచ్చి, నీ చేతులకేం కాలేదు అన్నాడు. చేతుల సంగతి నేను చెప్పనే లేదు. రోజూ పొద్దున్నే టీ గ్లాసు చాచి పట్టుకుని నిలబడటం తలుపు సందులోంచి చూస్తున్నాడట. మరి కేకు ఎందుకు ఒరుగుతోంది అని అడిగాను. గుడ్డ తీసుకుని మళ్ళీ కారు దగ్గరికి దిగాడు.

ఏప్రిల్ 18, గురువారం

ఇవాళ్టిది మొత్తం రాయాలి.

ఎదురింటి హిషాం పెళ్లి. రంజాన్‌లో పెళ్లిళ్లు చెయ్యరు, అంతకుముందు గురువారాలు కదా, వీధికో మేళం. ఊరేగింపుకి మా కారే, పూలూ రిబ్బన్లూ కట్టి. డ్రైవరు మా ఆయన, కొత్త చొక్కాలో. వెనక హిషాం బావ తెల్ల కారు, నిండా పిన్నులూ అత్తలూ. సాయంత్రం కుర్రాళ్లు డప్పులతో రెండు కార్లనీ చుట్టుముట్టారు. మామూలే. జంటని ఊరికే పోనిస్తారా? బానెట్ మీద చేతులేసి, పాటకి తగ్గట్టు నొక్కుతూ, లోపలివాళ్ల తలలు పైకప్పుకి తగిలేదాకా ఊపుతారు. నేను గుమ్మంలో నిలబడి చప్పట్లు కొడుతున్నాను.

పాట అయిపోయింది. అందరూ చేతులు తీశారు. తెల్ల కారు ఒకసారి లేచి బుద్ధిగా నిలబడింది. మాది నిలబడలేదు. ఎవరూ ముట్టుకోకుండానే కిందికి, పైకి, కిందికి, పైకి. రేయ్, డప్పు ఆపకండ్రా, కారుకి ఇంకా ఆడాలనుంది అని ఒకడు అరిచాడు. పెళ్లికూతురు కిరీటం పట్టుకుని పడీ పడీ నవ్వుతోంది.

నా చప్పట్లు ఆగిపోయాయి. ఆ పిల్ల కూర్చున్న సీట్లో నా కేకు కనిపించింది నాకు. మిట్ట మిట్టకీ ఈ డాన్సే ఆడుతూ వెళ్లిందన్నమాట.

చెప్పులు కూడా వేసుకోలేదు. వీధిలోకి వెళ్లి, కుర్రాళ్లని తప్పుకోమని, బానెట్ ఒక మూల నా బరువంతా వేసి నొక్కి వదిలాను. ఊగింది. రెండో మూల. ఊగింది. వెనకవైపు రెండూ అంతే. తెల్ల కారు దగ్గరికెళ్లి దాన్నీ నొక్కాను. ఒకసారి లేచి ఆగింది. దౌలత్ పిన్నికి పూనకం వచ్చింది అంటున్నారు జనం. మా ఆయన స్టీరింగ్ వెనక నుంచి నన్నే చూస్తున్నాడు. ఆయనకీ అర్థమైపోయిందని మొహంలోనే తెలిసింది.

నా చేతులు కాదు. నా చేతులు కానే కాదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఏం చెయ్యాలో తెలియక నాలుక ఆడిస్తూ పెళ్లి కూత పెట్టాను, పెళ్లికూతురి తల్లి కంటే గట్టిగా. ఆవిడ కాస్త నొచ్చుకున్నట్టుంది.

ఏప్రిల్ 19, శుక్రవారం

నమాజు అయ్యాక వీధిలో మగాళ్లందరూ కార్లు నొక్కుతున్నారు. ఎవడూ తన కారు నొక్కడు, పక్కవాడిదే. నీది పోయింది అని ఒకడంటే, నీ అంత లావుపాటివాడు మీద పడితే ఓడైనా ఊగుతుంది అని ఇంకొకడు. సఫినాజ్ బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్టలో నిమ్మరసం దింపింది. దిష్టి పోయినందుకట. పోనీలే, మంచి మనసుతో పటిక కాల్చింది.

ఏప్రిల్ 20

మెకానిక్ గిర్గిస్ గ్యారేజీలో కారుని పైకెత్తారు. చక్రాల వెనకున్న స్ట్రట్‌లు, అదే షాక్ అబ్జార్బర్లు, నూనె కారి, దానికి దుమ్ము పట్టి నల్లగా ఉన్నాయి. టైరు మీద చెయ్యి పెట్టి నిమరమన్నాడు. సమంగా అరగలేదు, అక్కడక్కడా గుంటలు పడ్డాయి. గతుక్కి స్ప్రింగు ఎగరేస్తుంది, ఆ ఎగురుడు ఆపాల్సింది ఇదే, లోపలి నూనె పోయాక ఇంక ఆపేదేముంది అన్నాడు గిర్గిస్. బాగుచేసేవి కావట, మార్చాల్సిందే. అదీ జంటగా. ఒకవైపు కొత్తదీ ఒకవైపు పాతదీ పెడితే కారు సరిగ్గా నిలవదట. నాలుగూ మార్చమన్నాం.

ఇన్నేళ్లుగా నడుపుతున్నాను, నాకెందుకు తెలియలేదు అని మా ఆయన అడిగాడు. మనిషి ఆసుపత్రి వరండాలో నిలబడ్డట్టున్నాడు, పాపం. రోజూ నడిపేవాడికే తెలియదు బాబాయ్, ఇవి ఒక్కసారిగా పోవు, కొంచెం కొంచెంగా పోతాయి, నీ నడుం దానికి అలవాటు పడిపోతుంది అన్నాడు గిర్గిస్.

మా ఆయన నా వైపు తిరిగి, అనవసరంగా ఏడాది పాటు నీ క్రీమ్‌ని ఆడిపోసుకున్నాను అన్నాడు. గిర్గిస్ ముందే అన్నాడు. ఏమనాలో తోచక, ఆ పాత స్ట్రట్‌లు ఇంటికి తెచ్చావంటే గుమ్మం ఎక్కనివ్వను అన్నాను.

తెచ్చాడు. బాల్కనీలో ఉన్నాయి.

ఏప్రిల్ 25, గురువారం

నాలుగంతస్తులు. పెట్టె ఒళ్లో పట్టదు, వెనక సీటు మడిచి పెట్టాం. మొదటి మిట్ట. కారు లేచింది, దిగింది, అంతే. రెండో మిట్టా అంతే. మూడోదానికి నేను కళ్లు మూసుకోవడం మానేశాను. ట్రామ్ పట్టాలు దాటాక మా ఆయన కారు వెనక్కి తిప్పి మళ్ళీ దాటాడు. నీకేమైనా పిచ్చా, వెనక నిహాల్ కేకుంది అన్నాను. ఉంటే ఏమైంది అన్నాడు. ఇద్దరం హాలు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం.

మూత తీశాను. నిటారుగా ఉంది. అవాతిఫ్ వచ్చి, ఎంత జాగ్రత్తగా తెచ్చావు అన్నయ్యా అని ఆయన్ని మెచ్చుకుంది. తెచ్చినవాడి గొప్పేముంది, ఇదిగో, చేసిన చెయ్యి అని నా చెయ్యి పట్టుకుని అందరి ముందూ పైకెత్తాడు. చేతి నిండా పిండి మరకలు, గాజులు కూడా వేసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. చెయ్యి మాత్రం లాక్కోలేదు.

ఏప్రిల్ 27

ఫోనొచ్చింది. రంజాన్ అయ్యాక, ఊరి అవతల సముద్రం ఒడ్డున పెళ్లి. ఐదంతస్తులు. దారి ఎలా ఉంటుందని అడిగాను. ఘోరంగా ఉంటుందన్నారు.

ఒప్పుకున్నాను.