మంద అంటే గొర్రెలే

శుక్రవారం రాత్రి, బడి వరండాలో.

మందులు కొట్టకుండా సేద్యం చేసే బడి చేనికి ఎరువు కావాలంటే, నా గొర్రెలను ఒక రాత్రి ఊరికే పడుకోబెడతానని నేనే చెప్పాను. పట్నం నుంచి సాయానికి వచ్చిన టీచరమ్మ సంతోషం పట్టలేక, జమ్మలమడుగు బస్టాండులో టీ తాగుతూ, "ఈ రాత్రికి మా చేన్లో పుల్లన్న తాత మంద దించుతున్నాడు" అని అందరికీ వినబడేలా చెప్పిందట.

ఒకప్పుడు నేనూ ఫ్యాక్షన్‌లో తిరిగినోణ్ణే, ఎదుటి పార్టీ నాకొడుకులకు నా మంద అంటే కత్తులు పట్టిన మనుషులే. పొద్దుగూకే వేళకు మొహాలకు తువ్వాళ్లు కట్టుకుని, బాంబుల సంచితో చేని గట్టు మీదికి ఎక్కారు. చూస్తే నా గొర్రెలు నెమరేస్తున్నాయి.

"ఏంది మామా, మంద అంటే గొర్రెలా?" అన్నాడు ముందున్న ఓబులేసు.

"గొర్రెలేరా. ఇవి నా ఎనక తిరుగుతాయి, మీరు మీ లీడరు ఎనక తిరుగుతారు. ఇవైతే ఎరువన్నా ఇస్తాయి."

వాడు సిగ్గు లేకుండా తల గోక్కున్నాడు. "మా శనక్కాయ చేన్లో గూడా ఒగ రాత్రి దించు మామా."

నరకడానికి వచ్చినవాడు ఎరువు అడుగుతాడు!

"ముందు ఆ సంచి యాడన్నా దూరంగా పెట్టి రాపో. నా గొర్రెలు బెదురుతాండాయి."

పోయి ఎంతోసేపు కాలేదు, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. యాడ పెట్టినావురా అంటే, "ఆడనే మామా" అని చీకట్లో చేనంతా చెయ్యి తిప్పి చూపించి పోయాడు.

పొద్దున్నే పిల్లలు కలుపు తీయడానికి ఆ చేన్లోకే దిగుతారు. ఆ సంచి మీద కాలు పడితే పేలుతుంది, వాళ్లకన్నా ముందు ఎవరో ఒకరు చేనంతా, గట్లన్నీ తొక్కి చూడాలి. గొర్రెలను ముందు తోలొచ్చు. కానీ ఆ తలకాయ లేనోడి కోసం నా గొర్రె ఎందుకు చావాలి? నేనే పోతా...