పెద్దాయన గుళికలు తింటాడు

1వ తేదీ, సోమవారం. ఉదయం 8:10
నేటి నుంచి నా పళ్ళ క్లినిక్కులో ప్రాణహింస బంద్! వెయిటింగ్ రూమ్ అక్వేరియంలో ఉన్న మూరెడు చేప, మేం ముద్దుగా పెద్దాయన అంటాం, ఇకపై బతికున్న చేపపిల్లల్ని మింగడు. ఎండు మేత గుళికలు తింటాడు.

కారణం: శనివారం లెక్కల టీచరుగారు దవడ పన్ను పీకించుకోవడానికి వచ్చారు. ఆమె కళ్ళెదుటే పెద్దాయన ఓ చేపపిల్లను గుటుక్కుమనిపించాడు. తోక కాసేపు నోటి బయటే ఆడింది. టీచరుగారు పన్నుతో సహా పారిపోయారు. ఈ నెలన్నరలో ఆమె నాలుగో మనిషి.

కౌంటర్లో కూర్చునే మా ఆవిడ తీర్పు: "పదిహేనో తేదీకల్లా వాడు గుళికలకి మారాలి. లేదంటే హోటలాయనకి ఇచ్చేస్తా. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

ఇచ్చేయడమా! బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చి పెంచాను.

సామగ్రి: గుళికల డబ్బా ఒకటి. ఓపిక బోలెడు.

2వ తేదీ
8:15 గుళికలు వేశాను. కన్నెత్తి చూడలేదు.
1:00 చూడలేదు.
6:30 చూశాడు! గుళికను కాదు, నన్ను.

చేపల కొట్టాయనకు ఫోన్ చేశాను. "నాలుగు రోజులు పస్తుంచండి డాక్టరుగారూ. కడుపు కాలితే వాడే దారికొస్తాడు." ఎంత తేలిక!

4వ తేదీ
పస్తు రెండో రోజు. కొత్త ఉపాయం: రొయ్య ముక్కను పటకారుతో పట్టుకుని, బతికున్నట్టు నీళ్ళలో ఆడించాలి. పదకొండు నిమిషాలు ఆడించాను. చెయ్యి పడిపోయింది. పెద్దాయన అటు తిరిగి పడుకున్నాడు.

వెనక నుంచి ఓ పేషెంటు: "డాక్టరుగారూ, నా పన్ను కూడా దాంతోనేనా?"

కాదని ఒట్టేసినా వినలేదు. ఐదో మనిషి.

6వ తేదీ
మా ఆవిడ భోజనానికి వెళ్ళినప్పుడు ఒక చేపపిల్లను వేశాను. ఒక్కటే. చిన్నది. దాన్ని చేప అనకూడదు, మందు అనాలి.

9వ తేదీ
మందు రోజుకు రెండు. క్రమంగా తగ్గిస్తాను.

11వ తేదీ
పెద్దాయన పొట్ట ఉబ్బింది! పస్తులున్నవాడికి పొట్టేమిటి? చేపల కొట్టాయనను పరుగున రప్పించాను.

"జబ్బా పాడా! మేత ఎక్కువైందండీ. రోజుకి ఏడెనిమిది లాగిస్తున్నట్టున్నాడు."

రెండే కదా అనబోయి నాలుక కరుచుకున్నాను. పక్కనే మా ఆవిడ. ఆమె మాత్రం అపాయింట్‌మెంట్ల పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

14వ తేదీ, ఆదివారం. ఉదయం 7:20
సెలవు రోజు, ఎవరూ ఉండరని వచ్చాను. లోపల లైటు వెలుగుతోంది. కూరగాయలకని బయల్దేరిన మా ఆవిడ స్టూలెక్కి నిలబడి ఉంది. చేతిలో చేపపిల్లల కవరు.

"తిను నాయనా. ఆ మనిషికి జాలి లేదు."

నా చేతిలోనూ కవరే.

"మీరెన్ని వేస్తున్నారు?"

"రెండు. నువ్వు?"

"అయిదు."

కడుపుబ్బా నవ్వుకున్నాం. తర్వాత ఆమెకు ఏడుపొచ్చింది. "హోటలాయనకి మాటిచ్చేశానండీ. రేపు పదింటికి వస్తాడు."

నాకు అన్నం సహించలేదు.

15వ తేదీ
10:05 హోటలాయన పెద్ద టబ్బుతో దిగారు. "వీడు వేటాడుతుంటే మా హాల్లో జనం నోళ్ళు తెరుచుకుని చూడాలి!"

మా ఆవిడ టక్కున అందుకుంది. "వేటా? అబ్బే! మావాడు గుళికలు తప్ప ముట్టడండీ."

"ఏదీ, ఒకటి వెయ్యండి."

10:12 వేశాను.
10:13 పెద్దాయన పైకి వచ్చాడు. చూశాడు. నోట్లోకి తీసుకున్నాడు!!

హోటలాయన ముఖం మాడిపోయింది. ఖాళీ టబ్బుతో మెట్లు దిగారు.

10:16 ఉమ్మేశాడు.

ఉమ్మితే ఉమ్మాడు, మా దగ్గరే ఉన్నాడు! ఆనందం పట్టలేక మూడు చేపపిల్లల్ని వేశాం.

16వ తేదీ, మంగళవారం. ఉదయం 8:10
నేటి నుంచి గుళికలే! ఈసారి ఇద్దరం ఒకరికొకరం కాపలా. తప్పేదే లేదు. నిన్న హోటలాయన వెళ్తూ వెళ్తూ పన్ను సలుపుతోందన్నారట. మా ఆవిడ అలవాటు కొద్దీ శుక్రవారానికి అపాయింట్‌మెంటు రాసేసింది. ఆయన కూర్చోవాల్సింది పెద్దాయన ఎదుటే.