పెన్సిలుతో జరిపిన గీత

అక్కకు,

నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు. ఇవాళ ప్లానింగు ఆఫీసులో మన అభ్యంతరం విన్నారు. మన వీధిని వెడల్పు చేసే కొత్త గీత, పటంలో సరిగ్గా మన వంటింటి మీదుగా పోతోంది. గీసినవాడు మన వీధి మొహమైనా చూశాడో లేదో! "మా అక్కకున్నది ఆ కొంపొక్కటే సార్" అని మొరపెట్టుకున్నాను. ఆఫీసరు కసరలేదు. పెన్సిలుతో గీతను అవతలికి జరిపి, "ఇలాగైతే మీ ఇల్లు నిలుస్తుంది, ఎదురిల్లు పోతుంది. సరేనంటే సంతకం పెట్టండి" అన్నాడు. వారం గడువు అడిగి వచ్చేశాను.

కంటి కట్టు ఎప్పుడు విప్పుతారట? చుక్కల మందు మానకు. వంటింటికి సున్నం ఇప్పుడే వేయించకు.

నీ కళ్ళు బాగయ్యేదాకా నా కార్డులు చదివి వినిపించేది ఎదురింటి పిన్నేనని తెలిసే ఇదంతా రాశాను. ఆవిడకు తెలియకుండా ఆ సంతకం పెట్టలేను. పిన్నీ, మధ్యలో ఆపకు, అక్కకు చివరిదాకా చదువు. ఇద్దరూ కూర్చుని ఒక మాట అనుకోండి. జవాబు రాయాల్సిన చెయ్యి కూడా నీదే, పిన్నీ.

ఇద్దరికీ దణ్ణాలతో,
తమ్ముడు