సాయమ్మ పేరు టేపుకెక్కిన రోజు

బాపుకు, అవ్వకు మీ బిడ్డ రూతు దండాలు. దేవుని దయవల్ల నేను ఇక్కడ బాగున్నాను. మెండోరలో మీరంతా ఎలా ఉన్నారు? అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పసుపు ఉడకబెట్టడం అయిందా?

బోధన్‌లో చలి బాగానే ఉంది. చెరుకు బండ్ల రొద, చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన అలవాటవుతున్నాయి. ఇంటి ఓనరమ్మ సగం మరాఠీలో మాట్లాడుతుంది. అర్థం కాకపోతే నవ్వి ఊరుకుంటాను. వేళకు రొట్టె చేసుకొని తింటున్నాను, బెంగ వద్దు. ఆదివారం చర్చిలో పాట మొదలైతే మాత్రం మీరే గుర్తొస్తారు.

నా పనేమిటని అడిగావు కదా బాపూ. ఫ్యాక్టరీలోని మా కంప్యూటర్ గదిలో చెరుకు రైతుల పేర్లన్నీ నంబర్ల వరుసలో ఒక పెద్ద టేపు మీద ఉంటాయి. పాటల క్యాసెట్ లాంటిదే. ఏ పేరు కావాలన్నా మొదటి నుంచి తిప్పుకుంటూ పోవాలి. మధ్యలో కొత్త పేరు ఇరికించే చోటుండదు. పాత టేపును చదువుతూ అంతా ఇంకో టేపు మీదికి ఎక్కించాలి. పోయినవాళ్ల పేర్లు అక్కడే వదిలేసి, కొత్తవాళ్లను వాళ్ల వంతు వచ్చినచోట కలపాలి. అందుకే కొత్త పేర్లు పక్కన పెట్టి శనివారం ఒకేసారి ఎక్కిస్తాం.

మొన్న మంగళవారం సాయమ్మ అనే రైతు వచ్చింది. వానాకాలంలో ఆమె భర్త చనిపోతే పొలం ఆమె పేరు మీదికి మారింది. పేరు టేపుకెక్కితేనే చెరుకు నరకడానికి కటింగ్ ఆర్డర్ వస్తుంది.

"కోతకూలోళ్లు ఎల్లుండి వేరే ఊరికి పోతరట చెల్లె. సెరుకేమో ఎండిపోవట్టె," అన్నది.

మా సార్‌ను అడిగాను.

"ఒక్క పేరు కోసం టేపంత మల్ల రాయాల్నా? శనివారం దాక ఆగుమను."

"శనివారం పేరొస్తది సార్, కూలోళ్లుండరు."

ఆయన గడియారం చూసుకున్నాడు. "సరే. ఈ వారం వచ్చిన పేర్లన్ని తీస్కరా. ఇయ్యాల్నే కలుపుదాం," అన్నాడు.

టేపు తిరుగుతున్నంతసేపు సాయమ్మ బయట మెట్ల మీద కూర్చుంది. ఆమె దాకా రావాలంటే ముందున్నవాళ్లందరినీ దాటుకుంటూ రావాల్సిందే. రోజూ చూసే చక్రాలే, ఆ రోజు ఎంత మెల్లగా తిరిగాయో.

సాయంత్రానికి ఆర్డర్ అచ్చయింది. ఆమె పేరు మీద వేలు పెట్టి చూపించాను.

"ఆయన పేరేది?"

"ఇండ్ల లేదక్కా. నీదే ఉన్నది."

"తీసేసిండ్రా?"

"పాత టేపు బీరువాల దాస్తమక్కా. ఆయన పేరు అండ్ల ఉన్నది," అన్నాను.

కాగితం మడిచి కొంగులో కట్టుకుంది. "మంచిది. ఉండనీ," అని వెళ్లిపోయింది. మర్నాడే ఆమె చేనులో కోత మొదలైంది.

వచ్చేవాళ్లతో కొంచెం పసుపు, చింతకాయ తొక్కు పంపు. పెద్దబాపుకు, చిన్నమ్మకు నా నమస్కారాలు. మీ ప్రార్థనలో నన్ను తలుచుకోండి.

మీ దీవెనలు కోరే
బిడ్డ, రూతు