ఈత కొట్టే నీళ్లుంటేనే అస్త

ఏప్రిల్ 13, ఆదివారం
మౌనిక ఫోన్. మళ్లీ అదే పాట. "హాస్టల్ తిండి తినబుద్దైతలేదమ్మా. హైదరాబాద్‌ల ఇల్లు కిరాయికి తీస్కుందాం, ఇద్దరం ఉందాం. ఒక్కదానివి కోరుట్లల ఏం జేస్తవ్?"
ఏం చేస్తానా? పెళ్లిళ్ల సీజన్. కుట్టాల్సిన జాకెట్లు గుట్టలా ఉన్నాయి. దుకాణం ఎవరికి అప్పజెప్పాలి? చెప్పీ చెప్పీ విసుగొచ్చి అనేశాను... "ఈత కొట్టే నీళ్లున్న ఇల్లు చూడు, అప్పుడస్త."
పీడ విరగడైంది. దాని జీతానికి బాల్కనీ దొరకడమే గగనం, ఇంక స్విమ్మింగ్ పూలా!

ఏప్రిల్ 14
అది నవ్వలేదు. నిజంగానే వెతుకుతోందట.

ఏప్రిల్ 17, గురువారం
నోట్లోంచి ఆ మాటే ఎందుకొచ్చిందో.
కొడిమ్యాలలో మా పొలం బావి. బాపు నడుముకు బెండు కట్టి నీళ్లలోకి తోసేవాడు. ఏడాది తిరక్కుండా బెండు లేకుండానే దూకేదాన్ని, తమ్ముళ్లకన్నా పైనుంచి. పెద్దమనిషినయ్యాను, బంద్. "ఆడివిల్ల బాయిల దుంకుడేంది?" అంది అవ్వ. ఆ ఎండాకాలమంతా తమ్ముళ్లు దూకుతుంటే నేను వాళ్ల బట్టలకు కాపలా.
ఆ కోపం ఇప్పటికీ పోలేదు. మౌనికకు కూడా చెప్పలేదు.

ఏప్రిల్ 22
మౌనిక తిరుగుతోంది పాపం. ఒక ఓనర్... "ఇద్దరు ఆడోళ్లేనా? మగదిక్కు?" వీడియో కాల్‌లో దుబాయ్ నుంచి మా ఆయన్ను చూపించిందట. లెక్కలోకి రాడట. ఇంకోచోట పూల్ బ్రహ్మాండం, కిరాయి దాని జీతమంతా. మూడోచోట పూల్ అన్నది చూస్తే బర్రె మోకాలు కూడా మునగదు.
చాలించవే అందామనుకున్నా. అనలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం
దొరికిందట! సిటీ చివర పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. కిరాయి మాకు అందేదే. తనూ ఇంకా చూడలేదు, ప్రకటన ఫోటోలో మాత్రం నీలం నీళ్లు. వేళ్లతో పెద్దది చేసి చేసి చూశాను. పొద్దున ఆడవాళ్లకు వేరే టైం. చీరతో దిగనివ్వరు, ఈత డ్రెస్ ఉండాలి.
దర్జీదాన్ని నేను. కుట్టుకోలేనా?

మే 2
సిరిసిల్ల. చెల్లె వాళ్ల సాంచెల, అదే మరమగ్గాల చప్పుడులో మామూలుగా చెబితే వినబడదు. అరిచాను, "ఈత డ్రెస్సుకు బట్ట గావాలె!" సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచెలన్నీ ఆగాయి. ఆ మాట వాడంతా విన్నది.
చెల్లె కడుపు పట్టుకుని నవ్వింది. "అక్కా, మాది చీరెల బట్టనే. సాగది." అయినా తెచ్చి కుట్టాను, నిండు చేతులు, కాళ్లదాకా. నీళ్ల తొట్టిలో ముంచితే గాలి నిండి బూరెలా పొంగింది.

మే 6
జగిత్యాల, ఆటసామాను దుకాణం. "పాపకు ఎన్నేండ్లమ్మా?" అన్నాడు.
"నాకే" అన్నా. సైజు చెప్పా. సాగే ఈత డ్రెస్ తీసిచ్చాడు.

మే 11, ఆదివారం
ఇల్లు చూశాం. గాలి వస్తుంది, కిటికీ పక్కన మిషన్‌కు చోటుంది. మౌనిక నా చెయ్యి పట్టుకుని కిందికి తీసుకుపోయింది. "కండ్లు మూస్కో."
తెరిస్తే... నీళ్లు లేవు. నీలం టైల్స్, ఎండుటాకులు.
వాచ్‌మన్ అన్నాడు, "బోర్లు ఎండినయ్ అమ్మా. వానలు పడ్డంక నింపుతరంటున్నరు. పోయినేడు గూడ గట్లనే అన్నరు." కిరాయి ఎందుకు తక్కువో అర్థమైంది.
మౌనిక కళ్లలో నీళ్లు. "పాత ఫోటో పెట్టిండ్రమ్మా. పోదాం పా. నీళ్లు లేవు, నువ్వు రావు. నీ మాటే గెలిచింది."
నేను కోరుకున్నది ఇదే కదా. రాను అనాలి, కోరుట్ల బస్సెక్కాలి. మాట పెదాల దాకా వచ్చి ఆగింది. ఇన్ని వారాలు ఎండలో ఇల్లిల్లూ తిరిగింది నా బిడ్డ, నేను ఊరికే అన్న మాట పట్టుకుని. నేనేమో ఎప్పుడో మనసులో సామాను సర్దేశాను.
చెప్పులు విడిచి మెట్ల మీదుగా లోపలికి దిగాను. లోతు వైపు నడిచి, అక్కణ్నుంచి అరిచా, "అడ్వాన్స్ ఇయ్యి!"
"అమ్మా, నీళ్లే లేవు గదే!"
"నింపేదాక అడుగుత. నా నోరు నీకు తెల్వదా?"

మే 12
దుబాయ్ నుంచి ఆయన... "నీళ్లు లేని పూల్‌కు అడ్వాన్సా? పిచ్చిగిట్ల లేసిందా?"
లేసింది.

జూన్ 8, ఆదివారం
మూఢం రాకముందే పాలు పొంగించాం. ఒప్పుకున్న జాకెట్లన్నీ ఇచ్చేసి కోరుట్ల దుకాణం మూశా, మిషన్ కిటికీ పక్కకు చేరింది. మౌనిక రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. సంతోషంగా ఉంది నాకు. చాలా.

జూన్ 15
అసోసియేషన్ మీటింగ్. కిరాయి వాళ్లు మాట్లాడొద్దట. మాట్లాడాను.

జూన్ 26, గురువారం
వారం నుంచి వానలు. పూల్ కడుగుతున్నారు! ఆదివారానికి నింపుతామన్నారు. అన్నారు... చూడాలి.
లిఫ్ట్‌లో ఎదురింటావిడ. "నీళ్ల కోసం కొట్లాడింది మీరేనట గదా? నాకు ఈత రాదు. నేర్పుతరా?"
"నేర్పుత" అన్నా, ఠక్కున.
ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాక గుర్తొచ్చింది, ఆ బావి తర్వాత మళ్లీ ఈత కొట్టనేలేదు. ఈత ఒకసారి వస్తే మర్చిపోరంటారు. ఆ మాట అన్నవాళ్లు ఎవరైనా నాలా ముప్పై ఏళ్లు ఆగి దూకారా?