వెనక సీటు

మామిడికుదురు

హేమంత్‌కు,

నువ్వు ఫోటోలు పంపిన రెండు పాత డర్ట్ బైకుల్లో పొట్టిది ఖాయం చెయ్యి. యాభై రెండేళ్లకి బండి నేర్చుకుంటున్నవాణ్ణి, రెండో దాని మీద నా కాళ్లు నేలకి ఆనవు. బ్రేకులు నువ్వే స్వయంగా చూడు.

మీ అక్క పోయిన ఈ నాలుగు నెలల్లో తన కొబ్బరితోటకి ఒక్కసారీ వెళ్లలేకపోయాను. కాలవగట్టంతా బురద, ఆటోలు రావడం లేదు.

ఫోన్‌లో, "ఇంకొకరు కూర్చోడానికి వెనక సీటు కూడా వేయిస్తాను బావగారూ" అన్నావు. అది వేయించకు. ఇన్నేళ్లూ బండి నడిపింది మీ అక్క, వెనక కూర్చున్నది నేను. "గట్టు మీద వెనక్కి చూస్తే కాలవలో పడతామండీ" అనేది.

ఆ సీటు ఉంటే నేను వెనక్కి చూస్తాను.

మీ బావ